అమ్మకు గుర్తులేని మాట

నా చిన్నప్పుడు మా ఇంట్లో అల్లరంతా నాది, మంచిపేరంతా మా చెల్లెలిది. నేను అన్నం దగ్గర అలిగేదాన్ని. జడ బిగుతుగా వేస్తే అరిచేదాన్ని. అమ్మ ఒక్క దెబ్బ వేస్తే వాడకట్టు మొత్తం వినేలా ఏడ్చేదాన్ని. నాకన్నా మూడేళ్లు చిన్నదైన చెల్లెలు మాత్రం పెట్టింది తినేది, ఇచ్చింది తొడుక్కునేది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ దాన్ని బంగారం అనేవారు, దాన్ని చూసి నేర్చుకొమ్మని నాకు చెప్పి పోయేవారు. ఆ బంగారానికి లోపల ఏమవుతున్నదో ఎవరూ చూడలేదు. పక్కనే పడుకునే నేను కూడా చూడలేదు.

మాది ఎల్లారెడ్డి. బాపు మస్కట్‌లో పనిచేసేవాడు. అమ్మ బీడీలు చేసేది. పొద్దున వంట కాగానే గోడకు ఆనుకొని, పొగాకు చాట ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే సాయంత్రందాకా ఆ చేతులు ఆగేవి కావు. బాపు ఫోన్ చేసి పెట్టేశాక అమ్మ మమ్మల్ని దగ్గరికి రానివ్వక ఇంకా జోరుగా బీడీలు చుట్టేది. వాళ్లు ఏం మాట్లాడుకునేవారో మాకు తెలియదు. అమ్మ చెడ్డది కాదని ముందే చెప్పాలి. అలిసిపోయిన మనిషి, అంతే.

నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు తెలంగాణ కోసం పెద్ద సమ్మె జరిగింది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి. వారాల తరబడి మేమిద్దరం ఇంట్లోనే ఉన్నాం. ఒక మధ్యాహ్నం అమ్మ చాట కింద పెట్టి పొయ్యి దగ్గరికి పోయింది. నేను చెల్లెలిని తరుముతూ నీళ్ల బిందెకు తగిలాను. బిందె పొర్లి నీళ్లన్నీ చాటలోకి పోయాయి. తడిసిన పొగాకుతో బీడీ చుట్టడం కుదరదు. ఆ రోజు పనంతా పోయినట్టే.

అమ్మ వచ్చి నా వీపు మీద రెండు వేసింది. తర్వాత అక్కడే కూలబడి తల పట్టుకుంది. "మీరు గిట్లనే సతాయిస్తే ఒకనాడు నేను సచ్చిపోత. అప్పుడు ఎట్ల ఆడుకుంటరో ఆడుకోండ్రి" అన్నది.

నేను గొంతు చించుకొని ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి నిద్రపోయి, లేచాక అమ్మ పెట్టిన అటుకులు తిన్నాను. ఆ మాట నా మనసులో సాయంత్రందాకా కూడా నిలవలేదు. చెల్లెలు మాత్రం ఏడవలేదు. తడిసిన పొగాకును పిడికిళ్లతో తీసుకుపోయి ఎండలో పాత చీర మీద పరుస్తూ ఉండిపోయింది.

కొన్ని రోజులకు తల దువ్వుతుంటే చెల్లెలి చెవి వెనక రూపాయి బిళ్లంత జాగాలో వెంట్రుకలు లేకపోవడం అమ్మకు కనిపించింది. పేనుకొరుకుడు అన్నారు చూసినవాళ్లు. అమ్మ రోజూ పొద్దున ఉల్లిగడ్డ రసం రుద్దేది. అది ఎంత మండుతుందో నాకు తెలుసు. ఒకసారి సరదాగా నా చేతి గీరుడు మీద పూసుకొని ఇల్లంతా ఎగిరాను. చెల్లెలు కళ్లు మూసుకొని కూర్చునేది. వారం తిరిగేసరికి నడినెత్తిన ఇంకో జాగా బట్టతల అయింది. బస్సులు మొదలైతే కామారెడ్డి డాక్టరుకు చూపిద్దామని అమ్మ అనుకుంది.

ఆ లోపల బతుకమ్మ పండుగ వచ్చింది. మా పక్కింట్లో ఒక ముస్లిం ఆమె బట్టల మిషన్ కుట్టేది, మేం ఆమెను పెద్దమ్మ అన్నట్టు ఖాలా అని పిలిచేవాళ్లం. భర్త చనిపోయాక ఒక్కతే ఉండేది. మా ఇద్దరికీ గౌన్లు ఆమే కుట్టాలి. కొలతలప్పుడు నేను కుచ్చులు కావాలని, జేబు కావాలని ఆమెను సతాయించాను. చెల్లెలిని అడిగితే "మీ ఇష్టం ఖాలా" అన్నది. ఆ కాసేపట్లో ఖాలా ఒకటి చూసింది. చాలా ఏళ్ల తర్వాత నాతో చెప్పింది. తన వంతు కోసం నిలబడి ఉన్న చెల్లెలు తల మీంచి ఒక వెంట్రుక పుటుక్కున పీకింది, వేలికి చుట్టింది, పిడికిట్లో దాచింది. మళ్లీ ఇంకొకటి. కొలతలు అయిపోయాక బయటికి పోయి మోరీ కాలువలో పడేసి వచ్చింది. కింద పడితే ఎవరైనా ఊడ్చాల్సి వస్తుందని.

రెండు రోజుల తర్వాత ఖాలా మమ్మల్ని పిలిచింది. నా గౌను చక్కగా కుదిరింది. చెల్లెలి గౌనుకు ఒక చెయ్యి మోచేతి దాకా ఉంది. రెండోది వేళ్లు దాటి వేలాడుతూ ఉంది. నేను పడీ పడీ నవ్వాను. ఖాలా నవ్వలేదు.

"మంచిగున్నదా బేటా?" అని అడిగింది.

"మంచిగున్నది ఖాలా."

"మల్ల చూస్కో. ఏమన్న ఉంటే చెప్పు, నేను కోపం చెయ్య."

చెల్లెలు పొడుగు చేతిని మెల్లగా పైకి మడిచి, జారిపోకుండా రెండో చేత్తో పట్టుకుంది. "మంచిగనే ఉన్నది" అన్నది.

ఖాలా నన్ను పంపి అమ్మను పిలిపించింది. అమ్మ పొగాకు వాసన కొట్టే చేతులతోనే వచ్చి, "ఇదేంది అక్కా, కొలత తప్పింది గదా" అన్నది.

"కావాలనే కుట్టిన చెల్లె. నీ బిడ్డ అడుగుతదా లేదా అని చూసిన. రెండుసార్లు అడిగితే రెండుసార్లు మంచిగున్నదన్నది. గిదే చేతితోని బతుకమ్మ కాడికి పోతది, నోరు తెర్వది."

ఖాలా మిషన్ ముందు నుంచి లేచి చెల్లెలి ఎదురుగా నేల మీద కూర్చుంది. ఎందుకు చెప్పలేదని అడిగి, ఊరికే ఎదురుచూసింది. అమ్మ ఏదో అనబోతే చేత్తో ఆపింది. అంతసేపు ఒక పిల్ల జవాబు కోసం పెద్దవాళ్లు ఎదురుచూడటం నేను అప్పటిదాకా చూడలేదు.

"చెప్తే మల్ల కుట్టాలె. నీకు పని అయితది" అన్నది చెల్లెలు చివరికి.

"అయితే ఏమైతది?"

"పని ఎక్కువైతే సచ్చిపోతరు. అమ్మ చెప్పింది."

అమ్మ చెల్లెలి దగ్గరికి జరిగింది. "నేనా? నేనెప్పుడన్న బిడ్డా?" అన్నది. తప్పించుకోవడానికి అన్న మాట కాదది. ఆమెకు నిజంగా గుర్తులేదు. ఎప్పుడన్నదో నాకు తెలుసు. ఎవరి వల్ల అన్నదో కూడా తెలుసు. నేను గడప దగ్గర కొత్త గౌను జేబులో చేతులు పెట్టుకొని నిలబడ్డాను, నోరు విప్పలేదు. చెల్లెలు కూడా నా పేరు చెప్పలేదు.

అమ్మకు దుఃఖం ఆగలేదు. అది చూసి చెల్లెలు ఒక్క ఉరుకున వచ్చింది. "ఏం కాలేదమ్మా, గౌను మంచిగనే ఉన్నది, నేను దీన్నే ఏస్కుంట" అంటూ అమ్మ మోకాళ్లు పట్టుకుంది. తన వల్లే అమ్మ ఏడుస్తున్నదనుకుంది పిచ్చిది.

"ఏడువకు చెల్లె" అన్నది ఖాలా అమ్మతో మెల్లగా. "నువ్వు ఏడిస్తే అది గూడ తన మీదనే ఏస్కుంటది. నీ పెద్దది దెబ్బ తింటది, ఒర్రుతది, మర్చిపోతది. చిన్నదానికి మాట గూడ దెబ్బనే. ఇద్దరిని ఒక్కతీరుగ చూస్తే నడువదు."

వెంట్రుకల సంగతి ఖాలా అమ్మకు విడిగా చెప్పింది, మర్నాటి నుంచి అమ్మ ఉల్లిగడ్డ రసం రుద్దడం మానేసింది. గౌనును మాత్రం ఖాలా సరిచేయలేదు. చెల్లెలు తనంతట తాను వచ్చి అడిగినప్పుడే చేస్తానని అమ్మతో చెప్పింది. ఆ పండుగకు చెల్లెలు పాత గౌనే వేసుకుంది. అడగడానికి దానికి పదకొండు రోజులు పట్టింది.

అన్నీ వెంటనే చక్కబడలేదు. అమ్మ రోజూ చాట పక్కన పెట్టి కాసేపు చెల్లెలిని ఒళ్లో కూర్చోబెట్టుకునేది. మొదట్లో అది కూడా దానికి భయమే, అమ్మ పని ఆగిపోతుందని. వెంట్రుకలు రావడానికి ఆ చలికాలమంతా పట్టింది. ఇప్పుడు చెల్లెలు కామారెడ్డిలో ఉద్యోగం చేస్తున్నది. మనసు బాగాలేని రోజుల్లో చెయ్యి ఇంకా చెవి వెనక్కే పోతుంది. బిందె సంగతి నేను దాని దగ్గర ఎన్నో ఏళ్ల తర్వాత ఎత్తి క్షమించమన్నాను. "నాకు యాదికుంది అక్కా. నిన్ను కొడుతదని చెప్పలేదు" అన్నది. ఆ ఒక్క ముక్కతో నన్ను మళ్లీ ఆ గడప దగ్గర నిలబెట్టింది.

మొన్న అమ్మ బియ్యం ఏరుతూ ఉన్నట్టుండి అన్నది: "ఆ మాట అన్నట్టు నాకు ఇప్పటికీ యాదికొస్తలేదే. యాదిలేనివి ఇంకెన్ని అన్ననో."

నాకూ ఇప్పుడు ఇద్దరు పిల్లలు, ఒక కొడుకు, ఒక బిడ్డ. కోపంలో నేనూ మాటలు తూలుతాను, తర్వాత మరిచిపోతాను. అందుకే కోపం దిగాక ఎక్కువ ఏడ్చినవాడి దగ్గరికి కాదు, ఏడవకుండా ఊరుకున్నదాని దగ్గరికి ముందు పోతాను. "ఇందాక అమ్మ ఏమన్నది?" అని అడుగుతాను. అది ఏమీ లేదంటుంది. నేను లేవకుండా అక్కడే కూర్చుంటాను.