ఎర్ర కారుకు ఇంజన్ మార్చినవాడు

"అమ్మా, మీ అబ్బాయి లేడు" అని జగిత్యాల ఆస్పత్రిలో డాక్టరు బయటికి వచ్చి చెప్పినప్పుడు నేను ఏడవలేదు. ఆ మాట నాకు అప్పటికే తెలుసు. పావుగంట ముందు, ఆటోలో, నా అరచేతి కింద వాడి చెయ్యి ఆగిపోయింది.

చెయ్యి ఆగిపోవడమేమిటని మీరు అనుకుంటారు. నా కొడుకుకు రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు మిషన్ మీద పడుకుని రక్తం కడిగించుకోవాలి. దానికోసం ఎడమ చేతి మణికట్టు దగ్గర రెండు నరాలు కలిపి కుట్టారు. అక్కడ చెయ్యి పెడితే లోపల గుర్రుమని ఒక అదురు ఉండేది. ఆ అదురు ఉందో లేదో రోజూ లేవగానే చూసుకోమని నర్సు చెప్పింది. వాడు చూసుకునేవాడు కాదు. నేనే పోయి పక్కన కూర్చుని చెయ్యి పెట్టేదాన్ని. కళ్లు తెరవకుండానే అడిగేవాడు.

"నడుస్తున్నదా అవ్వా?"

"నడుస్తున్నది కొడుకా."

"అయితే నా అర గ్లాసు ఛాయ్ పొయ్యి."

మొన్ననే మాసికం పెట్టాం. వచ్చినవాళ్లంతా వాడు మంచివాడని చెప్పి అన్నం తిని పోయారు. వాడేం చేశాడో, నేనేం చేశానో ఎవరూ చెప్పలేదు. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే మన్నించండి. చెప్పవలసింది మాత్రం ఉంది.

మాది కోరుట్ల. నేను బీడీలు చేస్తాను. పిల్లల నాయన మస్కట్‌లో పని చేస్తాడు. కొడుకు జగిత్యాలలో ఐటీఐ చదివి, వాడు కూడా గల్ఫ్ పోయి ఒక గ్యారేజీలో చేరాడు. నాలుగేళ్లు చేశాడు. మా దిక్కు తల్లులు అక్కడినుంచి వచ్చే శవం పెట్టెకు భయపడతారు. నా కొడుకు తన కాళ్ల మీదే దిగి వచ్చాడు. కాకపోతే ఆ కాళ్లు ఉబ్బి ఉన్నాయి. చెప్పులు పట్టక చేతిలో పట్టుకుని దిగాడు.

ఆస్పత్రికి పోని రోజుల్లో ఇంట్లో ఊరికే ఉండలేకపోయేవాడు. సారంగాపూర్ దిక్కు ఒక దొర ఇంటికి ట్రాక్టరు బాగుచేయడానికి పోయాడు. అక్కడ పశువుల కొట్టంలో గడ్డి కింద ఎర్ర కారు కనబడిందట. రెండే తలుపులు. కూర్చుంటే నేల మీద కూర్చున్నట్టే ఉంటుంది. స్పోర్ట్స్ కారు అంటారని తర్వాత వాడే చెప్పాడు. దొర కొడుకులు కొన్నాళ్లు నడిపి వదిలేశారు. ఏళ్ల తరబడి తిప్పకపోయేసరికి ఇంజన్ లోపల పట్టేసి కదలకుండా అయింది.

"తీస్కపోరా, నా కండ్ల ముందలకెళ్లి పోతె సాలు" అన్నాడట దొర.

ట్రాలీ మీద తాళ్లతో కట్టి తెచ్చాడు. వాకిట్లో దించుతుంటే నాకు కోపం వచ్చింది.

"పురాగ పాడైనదాన్ని ఇంటికి తెస్తవా?"

"నేను గూడ గట్లనే అచ్చిన గద అవ్వా. నన్ను ఎల్లగొట్టినవా?"

వాడు నవ్వి కారు మీది గడ్డి దులపడం మొదలుపెట్టాడు.

ఆ నెలలోనే హైదరాబాద్‌లో పరీక్షలు చేసి నా కిడ్నీ వాడికి సరిపోతుందన్నారు. నాకు పండుగైనట్టు అనిపించింది. వాడు ఒప్పుకోలేదు. మొదట నవ్వులాటగా తప్పించుకున్నాడు. "గీ బండికి ఏరే ఇంజన్ పెడుతున్న గద, పడుతదో లేదో ముందు దీని మీద చూస్త" అన్నాడు. ఒకరోజు మాత్రం బోల్టులు బిగించే పాన కింద పెట్టి నా ముఖం చూసి చెప్పాడు.

"బండిల నుంచి తీసింది నచ్చకపోతే మల్ల పెట్టచ్చు అవ్వా. నీ ఒంట్ల నుంచి తీస్తే మల్ల పెట్టరాదు. రేపు నీకేమన్న అయితే నేనేం జెయ్యాలె?"

ఏడ్చాను, తిట్టాను, రెండు పూటలు అన్నం తినలేదు. చివరికి దిగి వచ్చాడు.

"గీ బండి స్టార్ట్ గానియ్యి. గా రోజు నువ్వు ఏడికి రమ్మంటె గాడికి అస్త."

"నా మీద ఒట్టు వెయ్యి."

"నీ మీద ఒట్టు."

అప్పటినుంచి ఆ కారు స్టార్ట్ కావాలని వాడికంటే నాకే ఎక్కువ తొందర. ఎడమ చేతితో బరువు ఎత్తకూడదు. అందుకని వాడి ఎడమ చెయ్యి నేనే అయ్యాను. పొలాల్లో బోరు మోటారు పైకి తీయడానికి మూడు కాళ్ల ఇనుప స్టాండు, గొలుసు గిరక ఉంటాయి కదా, అవి తెచ్చి వాకిట్లో కారు మీద నిలబెట్టాడు. గొలుసు నేను లాగాను. పక్కింటి వదిన గోడ మీదినుంచి తొంగిచూసింది.

"ఏందొదినే, వాకిట్ల బోరు ఏస్తుండ్రా? నీళ్లు వడ్డయా?"

"నీళ్లు గాదత్తా, ఆయిల్ వడ్డది. బిందె తెచ్చుకో" అన్నాడు వాడు కారు కింద పడుకునే.

పాత ఇంజన్ బయటికి వచ్చింది. మెడ విరిగిన కోడిలా గొలుసుకు వేలాడింది. కొత్తది సిరిసిల్ల పాత ఇనుము కొట్టులో దొరికింది. ఏదో పెద్ద కారు యాక్సిడెంటై నుజ్జయితే, దానిలోంచి తీసిన ఇంజన్. దాన్ని దించుతున్నప్పుడు గొలుసు నా చేతిలో జర జారింది. వాడు కోప్పడలేదు.

"బియ్యం సంచి లెక్క ఎయ్యద్దవ్వా. పసిపిల్లను తొట్టెలల ఏసినట్టు దించాలె. నన్నెట్ల ఏసినవో యాదికి తెచ్చుకో."

ఇంజన్ అయితే కూర్చుంది కానీ, ఆ కారు గేరుబాక్సుకు కలవలేదు. దీని బోల్టు రంధ్రాలు ఒక తీరు, దాని రంధ్రాలు ఒక తీరు. మధ్యలో ఒక ఇనుప పలక చేయించి రెంటినీ కలపాలి. బీడీలకు నేను తునికాకు కత్తిరించే రేకు అచ్చును వాడు చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు.

"గిట్లాంటి అచ్చే దీనికి గూడ కావాలె. కత్తెర నువ్వు పట్టు."

అట్ట మీద వాడు గీత గీశాడు, నా బీడీల కత్తెరతో నేను కత్తిరించాను. ఆ అట్ట పట్టుకుని వేములవాడలో బస్సు మారి ఇద్దరం సిరిసిల్ల పోయాం. మరమగ్గాలను అక్కడ సాంచాలు అంటారు. ఆ సాంచాలకు సామాన్లు చేసే లేతు మిషన్ మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. అట్టను ఇంజన్ ఫోటోతో సరిచూసి అడిగాడు.

"ఎవలు కత్తిరించిండ్రే దీన్ని? ఇసుమంత గూడ వంకర లేదు."

"మా అవ్వ."

"అయితే నువ్వు పోరా, అవ్వను ఈడ ఇడిసిపెట్టి పో."

వచ్చేటప్పుడు బస్సులో వాడు ఆ మాట తలుచుకుని తలుచుకుని నవ్వాడు. దాహం వేస్తోందని ఒక్కసారి కూడా అనలేదు.

దాహం సంగతి చెప్పాలి. ఒంటికి పట్టిన నీరు బయటికి పోయే దారి లేదు కాబట్టి రోజుకు ఒక్క సీసా నీళ్లే తాగాలి. ఆ సీసా మీద గీతలు గీసింది నేనే. ఎండాకాలం వాడు కారు కింద చెమటలు కక్కుతూ "ఒక్క బుక్కెడు అవ్వా" అంటే, రాయిలా నిలబడి "మాపటికి" అనేదాన్ని. చిన్న మంచు ముక్క నాలుక మీద పెట్టేదాన్ని. నీళ్ల బిందెను పక్కింట్లో దాచిపెట్టిన రోజులు కూడా ఉన్నాయి.

కొత్త ఇంజన్ ఎత్తు ఎక్కువైంది. కారు ముందరి మూత పడలేదు. వాడు మూతకు నడిమిట్ల రంధ్రం కోసి, రేకును సుత్తితో సాగగొట్టి అతికాడు. ఎర్ర మూత మీద గూనిలా లేచింది. ఇరుకు సందుల్లో వాడి వేళ్లు పట్టని బోల్టులన్నీ నేను పెట్టాను. బీడీలు చుట్టిన వేళ్లు సన్నగా పోతాయి. పదో నంబరు పాన ఏదో, పద్నాలుగు ఏదో చూడకుండా అందించడం వచ్చింది నాకు.

ఇంకొక్క పుల్లీ మిగిలింది. బెల్టు దాని మీద తిరిగితేనే ఇంజన్‌కు నీళ్లు అందుతాయట. ఆ శుక్రవారం పొద్దున్నే మేస్త్రీ ఫోన్ చేశాడు. పుల్లీ అయింది, రేపటినుంచి దుకాణం బందు, పెండ్లికి ఊరికి పోతున్న, ఇవ్వాళ్లనే వచ్చి తీసుకపో అన్నాడు. శుక్రవారం వాడు జగిత్యాలలో మిషన్ మీద ఉండాలి.

"ఒక్కపూటనే గదవ్వా. సోమారం ఎట్లైన పోత."

వద్దు అనాలి. ఆదివారం బండి స్టార్ట్ అయితే ఆ వారంలోనే హైదరాబాద్ పోవచ్చని నేను లోపల లెక్క వేసుకున్నాను. వద్దు అనలేదు. బస్సులో తినడానికి టిఫిన్ డబ్బా కూడా కట్టి ఇచ్చాను.

ఆదివారం పొద్దున కారును కడిగాను. పసుపు, కుంకుమ పెట్టాను. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాను. బండి స్టార్ట్ అయితే రెండు కొబ్బరికాయలు కొడతానని మొక్కుకున్నాను. వాడు తాళం తిప్పాడు. దగ్గింది, ఆగింది. మళ్లీ తిప్పాడు. ఆగింది. దిగి ఏదో వైరు సరిచేసి మళ్లీ కూర్చున్నాడు. మూడోసారి తెల్ల పొగ వాకిలంతా కమ్మి, ఆ పొగలోంచి ఇంజన్ చప్పుడు వచ్చింది. ఆగలేదు. పక్కింటి వదిన చెవులు మూసుకుని నవ్వుతోంది. వాడు కిటికీలోంచి అరిచాడు.

"అవ్వా, చెయ్యి పెట్టు!"

మూత మీది గూని మీద అరచెయ్యి పెట్టాను. గుర్రుమని అదురు. రోజూ పొద్దున వాడి చేతిలో ఉండేదే.

"నడుస్తున్నదా?"

"నడుస్తున్నది కొడుకా!"

"అయితే పోదాం పా, హైదరాబాద్."

నా ఒళ్లు నాకు తెలియలేదు. రెండు కొబ్బరికాయలూ కొట్టి, నీళ్లన్నీ ఇత్తడి గ్లాసులో పట్టాను. గ్లాసు నిండి చేతి మీద కారాయి. ఎండాకాలమంతా కొడుకు నోటికి నీళ్లు అందకుండా చేసిన చెయ్యి ఇది. ఆ రోజు పోసి ఇచ్చాను. వాడు గ్లాసు చూశాడు.

"అవ్వా, గీ నీళ్లు..."

"మొక్కు నీళ్లురా. చలువ చేస్తయి. కిడ్నీలకు మంచియంటరు. సీసా లెక్కల పట్టనులే ఇయ్యాళ్ల, తాగు."

వాడు నా ముఖం చూశాడు. గ్లాసు దించకుండా తాగాడు. మూతి తుడుచుకుని "సల్లగున్నయవ్వా" అన్నాడు.

పగటిపూట అన్నం ముందు కూర్చున్నవాడు కాళ్లు తేలిపోతున్నాయన్నాడు. నిన్నంతా కారు కింద పడుకున్నాడు, అలసిపోయాడు అనుకున్నాను. పడుకోబెట్టాను. ఇంకొంచెం సేపటికి లేవబోతే కాళ్లు లేవలేదు. ఆటో పిలిచాం. నేను వాడి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. దారిలో ఆ గుర్రుమనేది సన్నబడింది. ఒకచోట ఆగిపోయింది. ఆటో మాత్రం పోతూనే ఉంది.

రక్తంలో ఒక రకం ఉప్పు ఎక్కువై గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. మిషన్ మీదికి పోని రోజుల్లో అది పెరుగుతూ పోతుందట. కొబ్బరినీళ్లలో అది నిండా ఉంటుందట. నర్సమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "వద్దని మొదటి రోజే చెప్పినం గదమ్మా, తనకు తెలుసు" అంది. కొబ్బరినీళ్లు, అరటిపండ్లు, పండ్ల రసాలు. పక్క మంచం మీది పెద్దమనిషి కొబ్బరిబోండం తెచ్చుకుంటే వద్దని చెప్పింది నా కొడుకేనట. వెంట వచ్చినవాళ్లను మిషన్ల గదిలోకి రానివ్వరు. నేను ఎప్పుడూ బయట బల్ల మీద కూర్చుని ఆకు కత్తిరించుకునేదాన్ని. ఆ మాట నా చెవిన పడలేదు. వాడు ఇంటికి వచ్చి చెప్పలేదు. చెప్పివుంటే నేను నీళ్ల బిందెలాగే కొబ్బరికాయను కూడా దాచేదాన్ని.

తెలిసి ఎందుకు తాగాడు? ఒక్క గ్లాసుకు ఏమవుతుందిలే అనుకున్నాడేమో. దాహం కావచ్చు. నా ముఖం చూసి కాదనలేకపోయాడేమో. ఈ మూడింట్లో ఏదో నాకు తెలియదు. చివరిది కాకపోతే బాగుండు.

పిల్లల నాయన మస్కట్ నుంచి వచ్చి, ఆ కారులో పొద్దంతా కూర్చుని, మళ్లీ పోయాడు. కొబ్బరినీళ్ల సంగతి ఆయనకు చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది. మిషన్ల గది బయట బల్ల మీద కూర్చునే తల్లులకు కూడా తెలియాలి. లోపలికి పోయి, ఏమేం పెట్టకూడదో మీ చెవులతో వినండి. రానివ్వకపోతే తలుపు దగ్గర నిలబడి అడగండి.

కారు అచ్చిరాలేదు, పాత ఇనుముకు వేసెయ్యమని అందరూ అంటున్నారు. నేను వెయ్యలేదు. బోల్టులు బిగించేటప్పుడు వాడు ఒక మాట చెప్పాడు. "ఊకె పండబెట్టద్దు అవ్వా. దొరోళ్ల ఇంజన్ గట్లనే సచ్చింది. వారానికొకసారన్న పావుగంట తిప్పాలె." తాళం ఎట్లా తిప్పాలో కూడా నేర్పాడు.

ఆదివారం పొద్దున తిప్పుతాను. రెండోసారికో మూడోసారికో అందుకుంటుంది. దిగి ముందుకు పోయి, ఎర్ర మూత మీది గూని మీద అరచెయ్యి పెట్టి నిలబడతాను. నా రెండు కిడ్నీలూ నాలోనే ఉన్నాయి. చేతి కింద గుర్రుమని అదురుతుంది. పావుగంట అయ్యాక పక్కింటి వదిన వచ్చి తాళం తిప్పి ఇంజన్ ఆపుతుంది. అదురు ఆగిపోతుంది. రేకు మాత్రం చాలాసేపు వెచ్చగా ఉంటుంది. అది చల్లారేదాకా చెయ్యి తియ్యను.