దారి చీలేచోట

మా ఆవిడ సరళ చివరి రోజు ఆదివారం. ఉదయం మా బిర్సానగర్ సైకిల్ గుంపుతో దల్మా కొండ దారిలో సైకిల్ తొక్కింది, ఎప్పటిలాగే అందరికంటే వెనక. సాయంత్రం గుండెపోటుతో పోయింది.

ఆ తర్వాత ఈ ఆదివారమే మళ్ళీ గుంపుతో వెళ్లాను. దారి చీలేచోట ఆగి, చివరి మనిషి వచ్చి గంట కొట్టాకే కదలడం మా పద్ధతి. అందరం వచ్చేశాం. ఎప్పుడూ సరళ కొట్టే ఆ గంట మోగలేదు, ఎవరూ కదల్లేదు. ముందున్న అప్పలరాజు అలవాటుగా వెనక్కి కేకేశాడు.

"ఓ వదినా, వత్తన్నావా? చాయ్‌వాలా కొట్టు కట్టేత్తాడు!"

వెంటనే నాలుక కరుచుకున్నాడు. "మాఫ్ చెయ్యన్నా."

"పర్లేదురా. నేనూ వెనక్కే చూత్తన్నాను."

ఇలాంటి అలవాటు ఎన్నాళ్లకు పోతుందో, అసలు పోవాలో వద్దో, తెలిసినవాళ్లు చెప్పండి. వచ్చే ఆదివారం నుంచి చివర వచ్చేది నేనే. రేపు ఉదయం సరళ సైకిల్ గంట విప్పి నా సైకిల్‌కి బిగిస్తాను.