కారు మ్యాటుకు చిల్లు

చరిత్రలో పెద్ద పెద్ద తగాదాలన్నీ నేల కోసం వచ్చినవేనంటారు. టీచరమ్మ కాపురంలోని తగాదా కూడా నేల గురించే. కాకపోతే అది కారులో నేల. ఆమె భర్త కారులో, పక్క సీటు ముందు పరిచిన మ్యాటుకు, సరిగ్గా కుడికాలు ఆనే చోట ఒక చిల్లు పడింది. మొదట చొక్కా గుండీ అంత ఉండేది. సామ్రాజ్యాలు విస్తరించినట్టే అదీ విస్తరించి సీసా మూత అంత అయింది. ఆ చిల్లు ఎవరి పుణ్యమన్న విషయంలో ఆ ఇంట రెండు సిద్ధాంతాలు చలామణిలో ఉండేవి. పక్కన కూర్చున్నప్పుడల్లా టీచరమ్మ లేని బ్రేకును తొక్కుతుందని భర్తగారి సిద్ధాంతం. రబ్బరు నాసిరకమని టీచరమ్మ సిద్ధాంతం.

"నేనేం తొక్కలేదండీ. నా కాలు ఎక్కడుందో నాకు తెలీదా?" అనేది ఆమె.

"నీకు తెలుసులేవోయ్. ఆ కాలికే తెలీదు," అనేవాడాయన.

నిజం చెప్పాలంటే సాక్ష్యాలన్నీ ఆయన వైపే ఉన్నాయి. ఆడవాళ్ళకు కారు నేర్పడం ఇరవై ఏళ్ళుగా ఆమె వృత్తి. ఆమె చిన్న తెల్లకారుకు రెండు జతల పెడల్స్. ఒక జత నేర్చుకునేవాళ్ళ కాళ్ళ కింద, ఇంకో జత పక్క సీట్లో టీచరమ్మ కాళ్ళ కింద. అవతలివాళ్ళు ఏం చేసినా సరే, ఇవతల బ్రేకు తొక్కితే కారు ఠక్కున ఆగాల్సిందే. కొత్త పెళ్ళికూతుళ్ళు, డాక్టరమ్మలు, మనవల్ని తామే బడిలో దింపాలని పంతం పట్టిన అమ్మమ్మలు ఆ బ్రేకు దయవల్లే లైసెన్సులు తెచ్చుకున్నారు. వాళ్ళతోపాటు కొన్ని కుక్కలూ, ఒక పాలబూతూ కూడా బతికి బయటపడ్డాయి. అంత బాధ్యత మోసిన కాలు ఇంటికొచ్చాక మాత్రం ఊరుకుంటుందా? బస్సులో ముందు సీటును తన్నేది. సినిమాహాల్లో తెర మీద కార్లు తరుముకుంటుంటే ముందు వరుసలో పెద్దమనిషి వెనక్కి తిరిగి, "అమ్మా, కాస్త మీ కాలు" అనేవాడు. పళ్ళ డాక్టరు డ్రిల్లు పట్టుకుని దగ్గరికి రాగానే కూడా ఆమె బ్రేకు వేసిందని భర్తగారు ప్రచారం చేశారు గాని, దానికి ఆధారాలు లేవు.

ఇలా ఉండగా ఆయన పనిచేసే పంపుల కంపెనీ ఆయన్ను పక్క రాష్ట్రానికి బదిలీ చేసింది. సామాను లారీలో, ఆయన తన కారులో, టీచరమ్మ తన తెల్లకారులో సరిహద్దు దాటారు. దాటిన మరుక్షణం నుంచి టీచరమ్మకు కారు నడపడం రాదు. అంటే కాళ్ళు, చేతులు, కళ్ళు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఆ రాష్ట్రం దృష్టిలో మాత్రం రాదు. దేశంలో మిగతాచోట్ల ఎలా ఉన్నా, అక్కడ మాత్రం కొత్తగా వచ్చినవాళ్ళు మళ్ళీ పరీక్షకు నిలబడి లైసెన్సు తెచ్చుకోవాలి. బండిని తనిఖీకి పెట్టి కొత్త నంబరు వేయించుకోవాలి. అంతవరకూ రోడ్డెక్కకూడదు.

భర్తగారి పని కంపెనీ మనిషి చక్కబెట్టేశాడు. వారం తిరక్కుండా ఆయనకు లైసెన్సూ, ఆయన కారుకు నంబరూ వచ్చేశాయి. టీచరమ్మకు కోపం రాజుకున్నది ఇక్కడే. ఆయనకు డ్రైవింగు నేర్పింది తనే. ఏడాది పట్టింది. ఇప్పటికీ మలుపు వస్తే ఆయన కారుతోపాటు తనూ ఒరుగుతాడు. అలాంటి మనిషిని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తనను ఆయన పక్కన కూర్చోమంది ఆ రాష్ట్రం. కూరగాయలకు వెళ్ళాలన్నా ఆయన తీరిక చూసుకుని, "ఏవండీ, కాస్త తీసుకెళ్తారా?" అని అడగాలి. ఆ "కాస్త" అన్న మాట ఆమె గొంతులో చేపముల్లులా అడ్డుపడేది.

పైగా ఆ ఊళ్ళో డ్రైవింగు స్కూలు యజమాని ఒక గడువు పెట్టాడు.

"ఆడవాళ్ళందరూ ఆడ టీచరే కావాలంటున్నారమ్మా. మీరు రావడం మా అదృష్టం," అన్నాడాయన. "ఇక్కడి లైసెన్సు, బండికి ఇక్కడి నంబరు, ఈ రెండూ ఒకటో తారీకుకల్లా చూపించండి. లేకపోతే మా బామ్మర్దిని పెట్టుకుంటాను."

"మీ బామ్మర్దికి నేర్పడం వచ్చా?"

"రాదు. కానీ ఖాళీగా ఉన్నాడు."

నేర్పడం తప్ప ఇంకో పని ఎరగని మనిషికి ఇంతకంటే అవమానం ఉంటుందా? పాత ఊళ్ళో ఆమె రోడ్డెక్కితే ఎదురొచ్చే కార్లలో సగం హారన్ కొట్టి పలకరించేవి. ఇక్కడ ఆమె "పంపుల కంపెనీ ఆయన భార్య". ఆ బామ్మర్ది గనక ఒకటో తారీకున తన సీట్లో కూర్చుంటే ఇక ఎప్పటికీ అంతే.

లైసెన్సుల ఆఫీసులో గోడ పొడవునా కిటికీలు. ప్రతి కిటికీకీ అద్దం, అద్దానికి నడుం ఎత్తులో ఒక కన్నం. మాట్లాడాలంటే వంగాలి. ఎంత మండిపడుతూ వచ్చినవాళ్ళయినా అక్కడికొచ్చేసరికి దండం పెడుతున్నట్టే కనిపిస్తారు. ఈ ఏర్పాటు చేసినవాడెవడో గాని మహా మేధావి. పైన ఫ్యాను జోరుగానే తిరుగుతోంది, అద్దానికి అవతలి వైపు.

"పాత లైసెన్సు చెల్లదమ్మా," అన్నాడు గుమాస్తా.

"అక్కడ నడిపిన చేతులే కదా నాయనా ఇవి?"

"చేతులు చెల్లుతాయి. కార్డు చెల్లదు."

"నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో కూడా తిరుగుతున్నారయ్యా!"

"వాళ్ళకు లైసెన్సులున్నాయా?"

"ఎందుకుండవు? ఉన్నాయి."

"మరింకేం? మీకే లేదు." గుమాస్తా ఆమె కాగితాల మీద ముద్ర కొట్టాడు. "ఏ బండికి నంబరు కావాలో ఆ బండిలోనే పరీక్ష. ఇన్‌స్పెక్టరుగారే రెండూ చూస్తారు. బండిని వెనక మైదానానికి తీసుకురండి. రోడ్డు మీద మాత్రం నడపకండి."

"నడపకుండా ఎలా తెచ్చేది? నెత్తిన పెట్టుకునా?"

"అది ఈ కిటికీ కాదమ్మా."

చివరికి తెల్లకారు స్టీరింగు ముందు కంపెనీ మనిషిని కూర్చోబెట్టి, దాన్ని భర్తగారి కారుకు తాడుతో కట్టి లాక్కెళ్ళారు. తన కారును సంతకు తోలుకెళ్ళే పశువులా లాగుతుంటే, ఆ లాగేది మలుపు మలుపుకీ ఒరిగే మొగుడు కావడం పుండు మీద కారం.

ఇన్‌స్పెక్టరు పొడుగాటి మనిషి. ముఖం చూసుకునేంతగా మెరిసే బూట్లు. ఆ ముఖం మాత్రం నవ్వి చాలాకాలమైనట్టుంది. పక్క సీట్లో సర్దుకుని కూర్చుని, "పదండి," అన్నాడు.

మొదటి మలుపు వచ్చింది. కారు గుక్కపట్టిన పిల్లాడిలా బిగుసుకుని ఆగిపోయింది. టీచరమ్మ మళ్ళీ స్టార్టు చేసింది. మట్టిదిబ్బ ఎక్కి దిగబోతుంటే మళ్ళీ ఆగింది. వరుసగా నిలబెట్టిన పీపాల మధ్య మళ్ళీ. ఏమైందో ఆమెకు అంతుపట్టలేదు. ఆ కారులో పక్కన ఒకరిని పెట్టుకుని తను నడిపింది ఎప్పుడూ లేదు. పక్కన కూర్చునేది ఎప్పుడూ తనే. పైగా చూపు దారి మీదే ఉండాలని ఊరందరికీ చెప్పిన మనిషి గనక, కిందికి చూడనూ లేదు.

"మీకు క్లచ్చు మీద అదుపు లేదమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "బండికేమో బ్రేకులు వాటంతట అవే పట్టేస్తున్నాయి. మీరూ తప్పారు, బండీ తప్పింది."

"నాకు క్లచ్చు రాదా? నాకా?"

"కోప్పడకండి. ఎవరైనా మంచి టీచరు దగ్గర నాలుగు రోజులు నేర్చుకుని రండి."

టీచరమ్మ నెత్తిన నిప్పులు పోసినట్టయింది. ఇంటికెళ్ళేదాకా ఆ ఇన్‌స్పెక్టరును, గుమాస్తాను, కన్నాల అద్దాన్ని, సరిహద్దును, పంపులను వరుసగా తిట్టింది. నిమ్మకు నీరెత్తినట్టు వింటున్న భర్తగారు సిగ్నలు దగ్గర కారాపి, ఓదార్పుగానే అన్నారు:

"పోనీ, నేను నేర్పనా?"

ఆ తరవాత రెండు రోజులు ఆ ఇంట్లో గిన్నెలే మాట్లాడాయి.

మెకానిక్కు ఇంటికే వచ్చి చక్రాలు నాలుగూ విప్పి చూశాడు. "బ్రేకులు బంగారంలా ఉన్నాయమ్మా. బండికి ఏ రోగమూ లేదు."

"అయితే రోగం నాకా?"

మెకానిక్కు బతకనేర్చినవాడు. చేతులు తుడుచుకుంటూ వాకిలి దాటేశాడు. అతను వెళ్ళాక టీచరమ్మ ఆపి ఉన్న కారులో ఒక్కతే కూర్చుని, క్లచ్చు తొక్కి వదిలి, తొక్కి వదిలి చూసుకుంది. నేర్చుకునే పిల్లలకు మొదటి రోజు చేయించే పని అది. చేస్తూ ఉంటే కోపంలోంచి కన్నీళ్ళొచ్చాయి. వాటి మీద కూడా కోపమొచ్చింది.

రెండో పరీక్ష గడువుకు సరిగ్గా ముందురోజు పడింది. మళ్ళీ తాడు, మళ్ళీ మైదానం, మళ్ళీ అదే ఇన్‌స్పెక్టరు. మొదటి మలుపు దగ్గర కారు మళ్ళీ బిగుసుకుంది. ఈసారి ఆమె కళ్ళు క్రమశిక్షణ తప్పి కిందికి చూశాయి.

పక్క సీటు బ్రేకు మీద మెరిసే బూటు ఉంది. ఊరికే ఉండలేదు, అదిమిపట్టి ఉంది.

"సార్, కాలు తియ్యండి."

"ఏ కాలు?"

"మీదే! అక్కడ ఇంకెవరిది ఉంటుంది? బ్రేకు మీరు తొక్కి, బండికి రోగమంటారా? నాకు క్లచ్చు రాదంటారా? కంచే చేను మేస్తుంటే మేం ఏ కిటికీకి పోయి చెప్పుకోవాలి?"

ఇన్‌స్పెక్టరు కిందికి చూసుకున్నాడు. అప్పటికి బూటు పక్కకు జరిగి, ఏ పాపమూ ఎరగనట్టు నేల మీద ఉంది.

"నేనేం తొక్కలేదమ్మా. నా కాలు ఎక్కడుందో నాకు తెలీదా?"

ఈ మాట ఎక్కడో విన్నట్టు టీచరమ్మకు తోచింది. ఎక్కడో గుర్తు చేసుకునే తీరిక ఆమె కోపానికి లేదు.

"అయితే దిగండి. మీరు నడపండి, నేను పక్కన కూర్చుంటాను. మీ బూటు అక్కడ లేకుండా ఈ కారు ఒక్కసారి ఆగిందా, ఇక్కడే తుక్కు కింద అమ్మేసి నడుచుకుంటూ ఇంటికి పోతాను!"

"ఇన్‌స్పెక్టర్లకు పరీక్ష పెట్టే నిబంధన లేదమ్మా."

"బ్రేకు తొక్కే నిబంధన ఉందా?"

మైదానం అంచున తమ వంతు కోసం నిలబడ్డ జనం చుట్టూ చేరారు. "సారుకు వస్తుందంటారా?" అన్నాడు ఒకడు, పక్కవాడితోనే, కానీ అందరికీ వినపడేలా. ఇన్‌స్పెక్టరు దిగి అటు వచ్చి స్టీరింగు పట్టుకోక తప్పలేదు.

ఆయన బాగానే నడిపాడు. మొదటి మలుపు దాటింది. దిబ్బ ఎక్కింది. కాస్త జోరుగానే దిగింది. ఎదురుగా పీపా. "చూశారా, ఎక్కడైనా ఆగిందా?" అనడానికి టీచరమ్మ నోరు తెరిచింది. కారు ఠక్కున ఆగింది.

ఇద్దరూ కిందికి చూశారు. బ్రేకు మీద ఒక చెప్పు ఉంది. చెప్పులో ఒక కాలుంది. ఆ కాలు ఎవరిదో చెప్పడానికి వేరే సాక్షులు అక్కర్లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఏళ్ళ తరబడి వాదిస్తూ వచ్చిన మనిషి ఎదుట, ఆ కుందేలు నాలుగో కాలితో బ్రేకు తొక్కి కూర్చుంది.

"పీపా దగ్గరికొచ్చిందనీ..." అంది టీచరమ్మ చివరికి.

"ఇంకా చాలా దూరముందమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు నొచ్చుకుని. "నాకు డ్రైవింగు వచ్చు."

"నాకూ వచ్చు సార్. మొన్నట్నుంచీ చెబుతున్నది అదేగా!"

ఇన్‌స్పెక్టరు తన బూట్ల వంక చూసుకున్నాడు. ఉద్యోగంలో చేరింది మొదలు ఆయన కూర్చున్నది పక్క సీటులోనే. ఆయన పరీక్ష పెట్టేది బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళకే; వాళ్ళంతా తమ సొంత కార్లు తెచ్చేవాళ్ళు. వాటిలో అటువైపు ఉత్త నేలే గనక ఆయన కాలు ఏం చేసినా ఎవరికీ నష్టం లేకపోయింది. దాని కింద నిజమైన బ్రేకు దొరకడం ఇదే మొదటిసారి.

"మా ఇంట్లో సోఫా ముందు తివాచీ ఒక్కచోటే అరిగిపోయిందమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "మా ఆవిడ నా పనే అంటుంది. నేను ఒప్పుకోలేదు."

జాలి పడవలసిన సందర్భమే. కానీ టీచరమ్మ కోపానికి బ్రేకులు లేవు.

"తివాచీ సంగతి తరవాత చూద్దాం సార్. ముందు సీటు మారండి. బూట్లు విప్పి కాళ్ళు పైకి పెట్టుకోండి."

ఆ విధంగా ఆ రాష్ట్ర ప్రభుత్వం వారి ప్రతినిధి యూనిఫాంలో, సాక్సులతో, పక్క సీటు మీద బాసింపట్టు వేసుకుని, బూట్లు ఒళ్ళో పెట్టుకుని, తెల్లకారులో మైదానం చుట్టూ ఊరేగారు. మలుపుల దగ్గర ఆయన మోకాలు ఉలిక్కిపడిందే తప్ప కారు ఎక్కడా ఆగలేదు. మలుపు, దిబ్బ, పీపాలు, వెనక్కి నడపడం అన్నీ అయ్యాయి. చివర గీత దగ్గర టీచరమ్మ వెంట్రుకవాసి తేడా లేకుండా ఆపింది.

"క్లచ్చు బాగుందమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు బూట్లు తొడుక్కుంటూ.

"తెలుసు," అంది టీచరమ్మ.

సాయంత్రానికి లైసెన్సు చేతికొచ్చింది. కారుకు కొత్త నంబరు బిగించారు. ఇంటికి ఆమే నడుపుకుంటూ వెళ్ళింది. వెనక తన కారులో వస్తున్న భర్తగారు ఖాళీ తాడు వెంట తెచ్చారు. మర్నాడు ఒకటో తారీకు. స్కూలు యజమాని రెండూ తిప్పి తిప్పి చూసి, "సరేనమ్మా, రేపట్నుంచి రండి," అన్నాడు. బామ్మర్ది ఖాళీగానే ఉండిపోయాడు.

ఆదివారం టీచరమ్మ బజారుకెళ్ళి, రబ్బరు నాణ్యత ఊసెత్తకుండా, భర్త కారుకు పక్క సీటు వైపు మ్యాటు అడిగింది. ఒక్కటి విడిగా అమ్మరట. నాలుగూ కొంది.