గాసునూనె విమానం

ఆ రోజుల్లో చదివిన సంగతిని కడుపులో దాచుకోవడం నాకు చేతనయ్యేది కాదు. పొద్దంతా కొత్తవాడలో నాయినతో పాటు మగ్గం మీద జంపఖానాలు నేయడం, సాయంత్రం కాగానే చేతులు కడుక్కొని గ్రంథాలయానికి సైకిలు తొక్కడం, ఇదీ నా బతుకు. బడి మధ్యలోనే ఆగింది గనుక ఆ లోటంతా అక్కడి బల్లల మీదే పూడ్చుకుంటున్నానని నా గట్టి నమ్మకం. పూడ్చుకొని ఊరుకుంటే బాగుండేది. మర్నాడు అరుగు మీద ఎవరు దొరికితే వాళ్లకు తిమింగలాల గురించో అగ్నిపర్వతాల గురించో ఉపన్యాసం ఇస్తేగాని నాకు అన్నం అరిగేది కాదు. (ఆ రెంటినీ నేనూ చూడలేదు, వాళ్లూ చూడలేదు గనుక పేచీ వచ్చేది కాదు.) నాయిన మాత్రం "మగ్గం మాట్లాడాలె బిడ్డా, నువ్వు కాదు" అని ఊరుకునేవాడు.

మా ఊరి పక్కన మామునూరులో విమానాల మైదానం ఒకటి ఉండేది. పేరుకు విమానాలదే గాని అక్కడ ఎక్కువగా కనబడేవి మేకలు. ఎప్పుడన్నా ఒక చిన్న విమానం తూనీగలా వాలి, ఏదో మరిచిపోయినట్టు మళ్లీ లేచి పోయేది. అట్లాంటి చోటికి పట్నం నుంచి పెద్దమనుషులను ఎక్కించుకొని రెండు పంకాల పెద్ద విమానం వస్తున్నదని ఒక వారం ఊరంతా గుప్పుమన్నది. లారీ నడిపే మా బావ, అంటే మేనత్త కొడుకు, అరుగు మీద కాలు మీద కాలేసుకొని "పంకలున్నయంటె పాత బండే. కొత్తయి పంకలు లేకుంటనే ఉరుకుతయ్" అని తేల్చేశాడు. నేను ఊరుకుంటానా? విమానాల పుస్తకం చదివి అప్పటికి నాలుగు రోజులు కూడా కాలేదు.

"బావా, దాన్ని టర్బోప్రాప్ అంటరు. బయటికి పంక కనవడ్తది గని లోపలున్నది జెట్ ఇంజనే. వేడిగాలి చక్రాన్ని తిప్పుతది, ఆ చక్రం పంకను తిప్పుతది."

"అయితె డీజిల్ మస్తు తాగుతది."

"డీజిల్ కాదు, పెట్రోల్ కాదు. గాసునూనె!"

అరుగు మీద తలలన్నీ ఒక్కసారి లేచాయి. మేనత్త చాటలో బియ్యం ఏరడం ఆపి "మనం పొయ్యిల పోసేదేనారా?" అన్నది. "అదే అత్తా, కాకపోతె ఇంకా శుద్ధి చేసింది" అని గొప్పగా చెప్పి, సైకిలెక్కి గ్రంథాలయానికి వెళ్లిపోయాను.

అప్పుడు గాసునూనెకు, అంటే కిరసనాయిలుకు, ఎంత కరువో చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. రేషన్ దుకాణానికి పీపా వచ్చిందంటే ఆ రోజు వాడకట్టుకు పండుగే. అందుకని నా మాట అరుగు మీది నుంచి బోరింగు దగ్గరికి పోయేసరికి విమానంలో గాసునూనె ఉన్నదని అయింది. బోరింగు నుంచి అవతలి వీధికి పోయేసరికి విమానంలో గాసునూనె వస్తున్నదని, మామునూరులో పోస్తారని తేలింది. ఎవరన్నారంటే, పుస్తకాలు చదివే పోరడే అన్నాడు.

విమానం వచ్చే రోజు పొద్దున నేను చూడబోతే మైదానం కంచె పొడుగునా డబ్బాలు బారు తీరి ఉన్నాయి. రేషన్ దుకాణం ముందర చేసినట్టే, మా వాళ్లు తమ స్థలంలో డబ్బా పెట్టి నీడకు పోయి కూర్చున్నారు. మొట్టమొదటి డబ్బా మేనత్తది. "అత్తా, అది గాసునూనె తెచ్చే విమానం కాదు, తాగే విమానం!" అన్నాను.

"తాగేటోని దగ్గర సీస ఉండదారా?" అన్నది అత్త.

ఇంతలో కావలివాడు వచ్చి "ఇదేమన్న రేషన్ దుకాణమా? జరగుండ్రి!" అని అరిచాడు. అందరూ నా వైపు తిరిగారు. బారులో చివరి డబ్బా పట్టుకొని నాయిన నిలబడి ఉన్నాడు. మగ్గం ఆపి, నా మాట మీద నడిచి వచ్చాడు. కోపం కూడా చేయలేదు. "ఇయ్యాల్టి సంది లైబ్రరీ బంద్. పొద్దుమీకినంక గూడ మగ్గమే" అన్నాడు.

విమానం రానే వచ్చింది. వచ్చినవాళ్లు జీపులెక్కి పోయారు. దిగాలుగా చూస్తూ నిలబడ్డాం. అది తిరిగి పోవడానికి తయారయింది. మొదట సన్నని ఈల మొదలై, పంకా బద్ధకంగా కదిలి, క్రమంగా రేకులు కనబడకుండా వెండి పళ్లెమై పోయింది. అది తోక మా వైపు తిప్పిందో లేదో, గాలికి డబ్బాలన్నీ గలగలమంటూ మేకల మధ్యకు దొర్లాయి. కొంగులు లేచాయి, బావ రుమాలు కంచె దాటింది. ఆ గాలి వెంటే వచ్చింది వాసన!

డబ్బా వెనక ఉరుకుతున్న మేనత్త ఠక్కున ఆగింది. "ఆగుండ్రి! ఇది గాసునూనె వాసన గాదూ?"

వాడకట్టంతా ముక్కులు పైకెత్తి వరుసగా నిలబడింది. బావ రెండుసార్లు పీల్చి, లారీ డ్రైవరు అధికారంతో "గాసునూనే" అన్నాడు. "చూసిన్రా, పోరడు అబద్దం చెప్పలే. మనమే డబ్బలు పట్టుకచ్చినం" అని మేనత్త తీర్పు చెప్పింది.

సాయంత్రం నేను మగ్గం మీది నుంచి లేవకుండా కూర్చుంటే, నాయిన కండెకు దారం చుడుతూ "ఇయ్యాల లైబ్రరీకి పోవా?" అన్నాడు. గబగబా లేచాను. "జర ఆగు. వేడిగాలి చక్రాన్ని తిప్పుతదన్నవ్. పంక ఎట్ల తిరుగుతదో మళ్లొక్కపారి చెప్పిపో." ఆ రోజు గ్రంథాలయానికి చాలా ఆలస్యంగా వెళ్లాను.

చాలా ఏళ్ల తర్వాత ఏదో పని మీద అట్లాంటి విమానమే ఎక్కాను. మెట్ల దగ్గర ఆ వాసన తగలగానే నా చేయి డబ్బా కోసం తడుముకుంది. లోపల పక్క సీటాయనతో "ఇది టర్బోప్రాప్ అండీ, బయటికి పంకా కనబడుతుంది గానీ..." అని మొదలుపెట్టాను. ఆయన మర్యాదగా నవ్వి కళ్లు మూసుకున్నాడు. పాపం, నా మాట వినడానికి ఒకప్పుడు మనుషులు డబ్బాలు పట్టుకొని మామునూరు దాకా నడిచేవాళ్లని ఆయనకేం తెలుసు!