మూగరాజు డైలాగు

ఆ వీధిలో మూగరాజును ఎరగనివాళ్లు లేరు. ఆయన మూగవాడు కాదు, రాజు అంతకన్నా కాదు. టైలరు. చొక్కాలు, ప్యాంట్లు, స్కూలు పిల్లల యూనిఫారాలు కుడతాడు. ఇరవై రెండేళ్ల కిందట వీధివాళ్లంతా కలిసి ఆడిన నాటకంలో రాజు వేషం కట్టాడు. ఉన్నది ఒక్కటే డైలాగు: "ద్వారపాలకా, అతణ్ణి లోపలికి రానివ్వు." కిరీటం పెట్టుకుని సింహాసనం మీద కూర్చుని, ఎదురుగా ఉన్న జనాన్ని చూశాడు పాపం, నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. నిమిషం గడిచింది, రెండు నిమిషాలు గడిచాయి. చివరికి తెర దించేశారు.

ఆ పేరు తగిలించిన మహానుభావుడు పరాయివాడేం కాదు, సొంత అక్క మొగుడు. బస్సు కండక్టరు. ఆ గొంతు బస్సు హారనుకు అన్నగారు. "ఏమోయ్ మూగరాజా, ఆ బయట నిలబడ్డవాడు ఇంకా అక్కడే ఉన్నాడోయ్, కాళ్లు పీకుతున్నాయట!" అంటూ షాపులోకి జొరబడి, గుడ్డలు కత్తిరించే బల్ల మీద చతికిలబడేవాడు. ఇరవై రెండేళ్లుగా అదే జోకు. టైలరు కూడా నవ్వేవాడు. నవ్వక ఏం చేస్తాడు, బావాయె! ఆ నవ్వు వెనక ఎంత మంట ఉందో ఆయన భార్యకు మాత్రం తెలుసు. పక్కన కూర్చుని కాజాలు కుట్టేది ఆవిడే కదా.

మళ్లీ స్టేజీ ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాడే గానీ, నాటకాన్ని వదల్లేదు. వేషాలన్నిటికీ బట్టలు కుట్టిపెట్టేవాడు. మిషను తొక్కుతూ ఏవేవో పాటలు అల్లుకునేవాడు. భార్య వాటిని కాగితాల మీద రాసి దాచింది. ఈ ఏడు ఆ కాగితాలు రిటైరైన డ్రాయింగు మాస్టారి కంట పడ్డాయి. నాటకాలు ఆడించేది ఆయనే. "ఇన్నాళ్లూ ఎవరో రాసినవే ఆడాం. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికామయ్యా!" అని గంతులేశాడు. అలా పుట్టింది ఆ బృందం మొదటి సొంత పాటల నాటకం. ఎంతకీ రాని బస్సు కోసం ఎదురుచూసే నలుగురి కథ, తొమ్మిది పాటలు.

రిహార్సల్సు టైలరు షాపులోనే. మూడు నెలలు, రోజూ సాయంత్రం. బావ, ఆసుపత్రి నర్సు, ఇంకో ఇద్దరు గోడకు చేరబడి పాడేవాళ్లు. టైలరు తన మానాన తాను మిషను తొక్కుకునేవాడు. పాటలు ఎంత బాగా కుదిరాయంటే, వీధిలో పోయేవాళ్లు ఆగి వినేవాళ్లు.

తీరా ప్రదర్శన మూడు రోజులుందనగా హాల్లో పాడి చూస్తే ఏముంది, అంతా గందరగోళం! ఒకళ్లు ముందు పరుగెత్తారు, ఒకళ్లు వెనకబడ్డారు. బావ వెళ్లి హార్మోనియం వాయించే పోస్టాఫీసు గుమాస్తా మీద విరుచుకుపడ్డాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది! నా వేళ్లు బాగానే ఉన్నాయి, నీ గొంతు చూసుకో" అన్నాడు గుమాస్తా.

కొట్టుకునేదాకా వచ్చాక నర్సు నెమ్మదిగా అంది: "మిషను లేదండీ ఇక్కడ."

అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. మూడు నెలలు ఆ మిషను చప్పుడుకే గొంతు కలిపారు, అది ఆగినచోటే ఊపిరి తీసుకున్నారు. ఆ సంగతి ఒక్కరికైనా తట్టిందా అంటే, లేదు! మిషను తెర పక్కన పెడదామంటే ఆ ఇరుకులో పట్టలేదు. వేరెవరిచేతైనా తొక్కిద్దామంటే ఆ వేగం టైలరు కాళ్లకే తెలుసు.

"బస్టాపు పక్కన టైలరు ఉండకూడదా ఏం? స్టేజీ మీదే కూర్చుంటాడు" అని తేల్చేశాడు డ్రాయింగు మాస్టారు.

టైలరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నన్ను చంపండి గానీ స్టేజీ ఎక్కమనకండి" అని ఇంటికి వచ్చేశాడు.

"మీ పాటలు మీ కళ్లముందే పాడైపోతుంటే చూస్తూ ఊరుకుంటారా?" అంది భార్య.

"మళ్లీ నవ్వుతారే."

"మీరు నోరు విప్పక్కర్లేదండీ. ఆరు యూనిఫారాలు కుట్టాల్సినవి ఉన్నాయి, పట్టుకెళ్లి కుట్టుకోండి. జనం వైపు చూడకండి, సూది వైపు చూడండి."

ప్రదర్శన రోజు అలాగే వెళ్లాడు. తల వంచుకుని తొక్కాడు. ఏడు పాటలు వెన్నలా సాగిపోయాయి, రెండు చొక్కాలు పూర్తయ్యాయి కూడా. ఎనిమిదోది బావ ఒక్కడే పాడాలి. సగంలో ఉండగా మిషను తోలు బెల్టు పుటుక్కున తెగింది. చప్పుడు ఆగింది. దాంతోపాటే బావ గొంతూ ఆగిపోయింది.

నోరు తెరిచి నిలబడ్డాడు బావ. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని టైలరు ఎరుగును. అబద్ధమెందుకు, ఒక్క క్షణం ఆయనకు కసిగానే అనిపించింది. నిలబడనీ, కాళ్లు పీకేదాకా నిలబడనీ అనుకున్నాడు. తర్వాత బావ ముఖం చూశాడు. చెమటలు కారుతున్నాయి, పెదాలు వణుకుతున్నాయి. అలా నిలబడటం ఎలా ఉంటుందో తనకు తప్ప ఇంకెవరికి తెలుసు?

టైలరు లేచాడు. చెక్క స్కేలు తీసి మిషను బల్ల మీద టకటకా దరువేస్తూ, గొంతెత్తి తను రాసిన చరణం తనే అందుకున్నాడు: "రాలేదని అలిగి పోకు, రావలసింది దారిలో ఉంది!"

బావ ఊపిరి పీల్చుకుని గొంతు కలిపాడు. అది నాటకంలో భాగమే అనుకున్నారు జనం. చప్పట్లు మోగిపోయాయి.

మర్నాడు పొద్దున టైలరు మిషనుకు కొత్త బెల్టు బిగిస్తుంటే బావ వచ్చాడు. ఎప్పట్లా జొరబడలేదు. చెప్పులు విప్పి గుమ్మం బయటే నిలబడ్డాడు. జోకు వేయలేదు. కాసేపు తన కాళ్లవంకే చూసుకున్నాడు.

"బావమరిదీ," అన్నాడు చివరికి, ఆ హారను గొంతు ఎక్కడికి పోయిందో మరి, "లోపలికి రావచ్చా?"

టైలరు స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. కాజాలు కుడుతున్న భార్య వైపు తిరిగి, నడుం నిటారుగా నిలిపి, వీధి చివరిదాకా వినబడేలా అన్నాడు:

"ద్వారపాలకా, అతణ్ణి లోపలికి రానివ్వు!"