పాతిన గడప

బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి ఎస్టేట్‌లో మా నాన్న ఒళ్ళు హూనమయ్యేదాకా పనిచేశాక, కంపెనీవాళ్ళు కూలీల ఇళ్ళను కూలీలకే అమ్మేశారు. ఇల్లు మాత్రమే. కింది నేల కంపెనీదే, దానికి నెలనెలా అద్దె కట్టాలి. కాగితం మలాయ్ భాషలో ఉంటే చదివి చెప్పింది నేనే. నాన్న సగం విని, “ఇల్లు మనదే గదేటి” అని సంతకం పెట్టేశాడు.

అది చెక్క ఇల్లు. మోకాలెత్తు గుంజల మీద నిలబడి ఉండేది. అమ్మకి అదే బెంగ. నవధాన్యాలు వేసి గడప పాతని ఇంట్లో కాపురమేమిటని రోజూ సణిగేది. నాన్న ముందు విసుక్కున్నాడు, తర్వాత ఆయనకే పట్టుదల వచ్చింది. గుంజలు కోయించి, ఇంటిని కిందికి దించి, సిమెంటు నేల పోయించాడు.

పక్కింటి మలాయ్ పెద్దాయన వడ్రంగి. పాక్‌చిక్ అని పిలిచేవాళ్ళం, మనం బాబాయి అన్నట్టు. ఆయన కంచె దగ్గర నిలబడి, “తానా ఓరాంగ్ లా” అన్నాడు. పరాయివాళ్ళ నేల అని. నాన్న వినలేదు. కాగితం చదివిన నేను కూడా నోరెత్తలేదు. అందుకు నామీద నాకు ఇప్పటికీ కోపమే.

అమ్మ గుప్పెడు నవధాన్యాలు చల్లింది. నాన్న తడి సిమెంటులో గడపను కూర్చోబెట్టి రెండు చేతులా అదిమాడు. అంత సంతోషంగా ఆయన్ని మళ్ళీ చూడలేదు.

ఏడేళ్ళకి కంపెనీ ఆ నేలను ఎవరికో అమ్మేసింది. ఉత్తరం మర్యాదగానే రాశారు. ఇల్లు మీది, నెలలోపు తీసుకుపోండి.

పాక్‌చిక్ ఇల్లూ ఆ నేలలోదే, కానీ అది ఇంకా గుంజల మీదే ఉంది. శుక్రవారం నమాజు అయ్యాక కంపుంగ్‌లోని, అంటే వాళ్ళ మలాయ్ పల్లెలోని మగాళ్ళంతా వచ్చారు. అడుగున బొంగులు కట్టి, ఇంటిని అలాగే ఎత్తి ఆయన తమ్ముడి స్థలానికి మోసుకుపోయారు. నాన్న కూడా ఒక బొంగు కింద భుజం పెట్టాడు. తిరిగొచ్చి వాకిట్లో కూర్చున్నాడు. భుజం కమిలిపోయింది.

“మనదీ మోసేద్దుమా అని అడిగినారు. ఏటి సెప్పను?” అన్నాడు.

అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె గడప మాట ఎప్పుడూ ఎత్తలేదు.

చివరి రోజు చెక్కలూ రేకులూ ఊడదీసి లారీకెక్కించాం. గడప మాత్రం రాలేదు. ఆ పొద్దున రాసిన పసుపు దాని మీద ఇంకా తడిగానే ఉంది. నాన్న గునపం తీసుకుని మధ్యాహ్నం దాకా పొడిచాడు. సిమెంటు పెచ్చులు లేచాయి తప్ప గడప కదల్లేదు. చూడలేక, “వదిలేద్దూ నాన్నా” అన్నాను.

ఆయన గునపానికి ఆనుకుని నిలబడి, వగరుస్తూ నాకేసి చూశాడు.

“బాగానే పాతినానే అమ్మీ” అన్నాడు.