ఖాళీ చేసి చూశాకే అద్దెకు దిగిన మా చిన్నకోడలు

మా చిన్నకోడలి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగేదాకా ఆగితే ఈ వేళ్లు కలం పట్టడం మానేసేలా ఉన్నాయని నేనే మొదలుపెట్టాను. నాది ఊరి బడి చదువు. ఆ తర్వాత బతుకంతా ఇళ్లు మార్చే పనిలో గడిచింది. జనం ఒక ఇంట్లోంచి ఇంకో ఇంటికి మారేటప్పుడు వాళ్ల సామాను కట్టి, లారీకెక్కించి, దించి, ఎక్కడిదక్కడ సర్దిపెట్టడం మా వృత్తి. మలుపులు తిరిగిన ఇరుకు మెట్ల మీద నుంచి నిలువుటద్దాన్ని గీత పడకుండా దించినవాణ్ణి నేను. ఒక జడ్జిగారి గాజు బీరువాను తలుపు చెక్కలు విప్పకుండా బయటికి తెచ్చినవాణ్ణి. ఇవి చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. అయినా మా ఇంట్లో అందరికన్నా పెద్ద సామాను మోసింది నేను కాదు, మా చిన్నకోడలు. ఆ సామాను కంటికి కనపడదు, అంతే.

మా చిన్నవాడికి పుట్టుకతోనే వినపడదు. పింగాణీ, గాజు సామాను కట్టడంలో మాత్రం వాడి చేతికి ఎదురులేదు. మాట్లాడేదీ ఆ చేతులతోనే. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో వాడి దగ్గర ఒక్కో సైగా నేర్చుకుంటూ, మరిచిపోకుండా ఫోనులో వీడియో తీసుకునేది. పగలు ఒక మందుల కంపెనీ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం ఆమెది. ఇంటికొచ్చాక వంటగది గట్టు దగ్గర మొగుణ్ణి నిలబెట్టి, "'ఉప్పు' ఇంకోసారి చెప్పు, నీ బొటనవేలు కనపడలేదు" అని సైగలతోనే పోట్లాడేది. అలా వంటింటి మాటలు, బజారు మాటలు, ఒంట్లో బాగాలేనప్పటి మాటలు పోగయ్యాయి. 'బరువు' అనే మాటకు నన్ను నిలబెట్టి తీశారు. ఇప్పటికీ ఎవరైనా ఫోనులో 'బరువు' అని కొట్టి వెతికితే నేనే కనపడతాను.

వినికిడి లేని పిల్లల బడి నడిపే పెద్ద టీచరమ్మ ఆ వీడియోలు చూసి, ఇవి మా పిల్లల ఇళ్లకు కావాలి అంది. అప్పుడు కోడలు ఒక వెబ్‌సైటు కట్టింది. మాట కొడితే సైగ కనపడుతుంది. పిల్లల తల్లిదండ్రులు సాయంత్రం పనుల నుంచి వచ్చి, ఫోను గోడకానించి పెట్టుకుని, తమ పిల్లలతో మాట్లాడటం దాన్ని చూసే నేర్చుకున్నారు.

ఇవన్నీ ఎక్కడ దాస్తావని ఒకనాడు అడిగాను.

"ఎక్కడో ఒక పెద్ద యంత్రం ఉంటుంది మామయ్యా. దాన్ని వాటాలు చేసి అద్దెకిస్తారు. మన వాటాకి మన తాళం, మన మీటరు. పక్కవాళ్లు మన గదిలోకి రాలేరు. దాన్నే వర్చువల్ ప్రైవేట్ సర్వర్ అంటారు."

"పక్కవాళ్లు గోడకి మేకులు కొడితే మనకి అదరదా?"

"అసలు గొడవంతా అక్కడే ఉంది" అని నవ్వింది.

వీడియోలు పెరిగేసరికి మొదటి వాటా ఇరుకైపోయింది. కోడలు ఇంకో కంపెనీలో పెద్ద వాటా చూసింది. హంగులున్నాయి, మొదటి ఏడాది అద్దె తక్కువ. సామానంతా అందులోకి చేర్చింది. చేర్చిన సాయంత్రమే పాత వాటాను తుడిచి, గడువు ఇంకా ఉండగానే యజమానికి అప్పజెప్పేసింది. మా ఇంటి పద్ధతి అది. ఖాళీ చేసిన ఇంటిని ఊడ్చి, తాళం యజమాని చేతిలో పెట్టాకే మా లారీ కదిలేది. ఆ శుభ్రత వల్లే మాకు పేరొచ్చింది. కంప్యూటర్లు తెలిసిన ఇంకెవరైనా నాలుగు రోజులు ఆగేవాళ్లట. మా కోడలు మాత్రం లారీవాళ్ల ఇంట్లో తిన్న అన్నానికి తగ్గట్టే చేసింది.

కొద్ది వారాలకే కొత్త వాటా గుణం బయటపడింది. పొద్దున బాగానే ఉండేది. సాయంత్రం అందరూ ఒక్కసారి వచ్చేసరికి వీడియోలకు నత్తి పట్టుకునేది. ఒకే యంత్రంలో పట్టేదానికన్నా ఎక్కువమందిని కుక్కారన్నమాట. పాటకు నత్తి వస్తే విసుక్కుని ఊరుకుంటాం. సైగకు నత్తి వస్తే మాటే మారిపోతుంది. మా చిన్నవాడి సైగల్లో చెయ్యి పొట్ట మీద ఆగితే ఆకలి. ఆగకుండా పొట్ట చుట్టూ తిరిగితే నొప్పి. ఒక చిన్నపిల్ల కడుపునొప్పి అని చెబుతుంటే, వాళ్ల నాన్న 'నొప్పి' అని కొట్టి వీడియో చూశాడు. చెయ్యి పొట్ట దగ్గరే ఆగిపోయి కనపడింది. పిల్ల చెయ్యి తిరుగుతోంది కదా, అయితే ఇది నొప్పి కాదు, ఆకలే అనుకుని ఆ పిల్లకు బతిమాలి మరీ తినిపించాడు. పిల్ల తిన్నదంతా కక్కేసి, మళ్లీ అదే సైగ చేసింది.

ఆ సంగతి విన్నాక కోడలు కంచం ముందు నుంచి లేచి ఉత్తరం రాయడానికి కూర్చుంది. కంపెనీకి ఎన్నిసార్లు రాసినా "మీ సమస్య మాకు ముఖ్యం" అనే జవాబొకటే. చివరికి ఒక ఉదయం సైటే కనపడకుండా పోయింది. నకళ్లు ఇంట్లో డిస్కులో భద్రంగానే ఉన్నాయి, పెట్టుకోవడానికి చోటే లేదు. పాత యజమానినే బతిమాలి మళ్లీ ఒక ఇరుకు వాటా తీసుకుంది. బొమ్మలను చిన్నవి చేసి, మసకబారినా చేతులు ఆగకుండా ఆడేలా అందులో సర్దింది.

పెద్ద టీచరమ్మ మా ఇంటికొచ్చింది. కోపిష్టి మనిషి కాదు, అందుకే భయమేసింది.

"అమ్మాయ్, బడి తెరిచే రోజున కొత్త పిల్లల తల్లిదండ్రులంతా వస్తారు. ఇంటికెళ్లి వీటిని చూసుకోండని నేను చెప్పాలి. మసక బొమ్మలు చూపించలేను, ఆగిపోయే బొమ్మలు అసలే చూపించలేను. ఆ రోజు గనక ఆగిందా, పుస్తకంలో బొమ్మలు వేయించి పంచేస్తాను. నన్ను తప్పుపట్టకు."

"పుస్తకంలో చెయ్యి కదలదు టీచర్" అంది కోడలు.

"తెలుసు. తప్పుగా కదిలేకంటే కదలకపోవడమే మేలు కదా."

ఆవిడ వెళ్లాక కోడలు ఏడవలేదు. ఈసారి దిగితే పదికాలాలు ఉండే చోటే దిగుతాను అంది. కొత్తగా ఇంకో మూడు కంపెనీల్లో చిన్న చిన్న వాటాలు తీసుకుని, మూడింట్లోనూ అవే వీడియోలు పెట్టింది. మా లారీ డ్రైవరుని అందరూ రివర్సు బాబాయ్ అంటారు, ఎంత ఇరుకు సందులోనైనా వెనక్కి పోనిస్తాడని. ఆయన ఊరుకుంటాడా?

"మూడిళ్లకు అడ్వాన్సిచ్చి ఒక్క ఇంట్లోనూ పొయ్యి వెలిగించని మనిషిని నిన్నే చూశానమ్మాయ్."

"మూడింట్లోనూ వెలిగించా బాబాయ్. పొగ ఎటు పోతుందో చూస్తున్నా."

చూసే పని మా చిన్నవాడిది. సాయంత్రం రద్దీ వేళ తెర ముందు కూర్చునేవాడు. చేతుల కదలికలో రెప్పపాటు తేడా వచ్చినా వాడి కంటికి దొరికిపోతుంది, వెంటనే వేలెత్తేవాడు. పక్క గది నుంచి మా ఆవిడ తన ఫోనులో, రివర్సు బాబాయ్ వీధిలోంచి తన ఫోనులో అవే వీడియోలు తిప్పేవాళ్లు. మొదటి కంపెనీకి వాడి వేలు తరచూ లేచేది. రెండోది అన్నిటికన్నా వేగంగా ఉండేది. మూడోది అంత వేగం కాదు గానీ, ఏ సాయంత్రం చూసినా ఒకేలా ఉండేది.

తర్వాత సెలవు రోజు చూసి మూడు కంపెనీలకూ ఒకటే ప్రశ్న రాసింది. మీ యంత్రం పాడైతే నా సామాను నకలు మీ దగ్గర ఇంకోచోట ఉంటుందా, రెండో ఏడాది అద్దె ఎంత అని. మొదటివాళ్లు పొడుగాటి మర్యాదలు రాసి, ప్రశ్నను వదిలేశారు. రెండోవాళ్లు మా దగ్గర ఏదీ పాడవదన్నారు. మూడోవాళ్ల జవాబు చిన్నది. "ఉండదు. వేరేచోట దాచుకోండి. దాచుకునే పద్ధతి కింద ఇచ్చాం. అద్దె ఇదే ఉంటుంది."

"ఉండదు అన్నవాడి దగ్గరికి ఎవరు పోతారమ్మా?" అన్నాను.

"మీరు చెప్పండి మామయ్యా. గాజు సామాను ఎక్కించేటప్పుడు 'కుదుపుంటుంది, ఇలా కట్టుకోండి' అనే లారీవాణ్ణి నమ్ముతారా, 'నా బండిలో ఏదీ పగలదు' అనేవాణ్ణి నమ్ముతారా?"

నేను కళ్లద్దాలు తుడుచుకున్నాను.

అసలు పరీక్ష ఆ తర్వాత పెట్టింది. ఇలాంటి పరీక్ష ఇంకెవరైనా పెట్టగా నేను వినలేదు. మూడు వాటాల్లోనూ పూర్తిగా దిగినట్టే దిగి, మర్నాడే మొత్తం ఖాళీ చేసి బయటికి రావడం మొదలుపెట్టింది. సామాను తీసుకుని బయటపడటం ఎంత తేలికో చూడాలట. వేగంగా ఉన్న ఆ రెండో కంపెనీ మన వీడియోలను మూటలు కట్టి ఇస్తే, వాటిని వాళ్ల యంత్రంలో తప్ప ఇంకెక్కడా విప్పడం కుదరదట.

"లోపలికి సింహద్వారం, బయటికి కిటికీ" అన్నాడు రివర్సు బాబాయ్. "నేనైనా బండిని వెనక్కి తియ్యలేను."

మూడో కంపెనీలో వచ్చిన దారినే తిరిగి రాగలిగింది. బయటికొచ్చి, మళ్లీ లోపలికెళ్లి, ఇక్కడే ఉంటాం అంది.

బడి తెరిచే ముందు రోజుకు అన్నీ సర్దుకున్నాయి. "పాత వాటా ఊడ్చి తాళం ఇచ్చేశావా?" అనడిగాను.

"ఇవ్వలేదు మామయ్యా."

"అదేంటమ్మా, మన ఇంటి పద్ధతి..."

"ఇస్తాను. కొత్తింట్లో ఒక వానాకాలం గడవనివ్వండి."

మర్నాడు బడి హాలు నిండిపోయింది. కుర్చీలు మా లారీలోనే తెచ్చాం. టీచరమ్మ మాట్లాడుతోంది, వెనక వరసలో నా పక్కనున్న కోడలి ఫోను వణికింది. కంపెనీవాళ్ల కబురు. మీ వాటా ఉన్న యంత్రంలో డిస్కు బలహీనపడింది, పూర్తిగా పాడయ్యేలోపు ఆపి వేరే యంత్రంలోకి మారుస్తున్నాం, మధ్యాహ్నానికి తెరుస్తాం, ఆపడానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది అని. కోడలు హాలు అవతల ఉన్న మొగుడికి తలల మీదుగా సైగ చేసింది. అంత గోలలోనూ వాళ్లిద్దరికీ మాట అందింది. వాడు లాప్‌టాప్ తెచ్చి ఇచ్చాడు. ఆమె వెనక మెట్ల మీద కూర్చుని, వచ్చేవాళ్లు పాత వాటాకు వెళ్లేలా దారి మళ్లించింది. దారి త్వరగా మళ్లడానికి కావలసిన ఏర్పాటు ముందే చేసి ఉంచుకుందట.

లోపల టీచరమ్మ, "ఇప్పుడందరూ ఫోన్లు తీయండి. మీకు ముందు కావలసిన మాట కొట్టండి" అంది. కొత్తవాళ్లకు సాయం చేయడానికి ఆ కడుపునొప్పి పిల్ల తండ్రి కూడా వచ్చాడు. ఆయన 'నొప్పి' అనే కొట్టాడు. నేను వెనక నిలబడి తొంగిచూశాను. బొమ్మ కాస్త మసకగా ఉంది. మా చిన్నవాడి చెయ్యి పొట్ట చుట్టూ ఆగకుండా తిరిగింది. ఆయన ఫోను పక్కవాళ్లకు తిప్పి, అదే సైగ తన చేత్తో చేసి చూపించాడు. వాళ్లూ చేశారు. ఆ వరసంతా పొట్టల మీద చేతులు తిప్పింది.

కంపెనీ చెప్పిన వేళకే వాటా తెరిచింది. కోడలు దారి మళ్లీ ఇటు తిప్పింది, మసక పోయింది. అందరూ వెళ్లాక టీచరమ్మ వచ్చి, "మెట్ల మీద ఏం చేస్తున్నావ్? ఏదైనా ఆగిందా?" అని అడిగింది.

"ఆగింది టీచర్."

"నాకు కనపడలేదే."

"కనపడకూడదు" అంది కోడలు.

టీచరమ్మ పుస్తకం అచ్చువేసేవాళ్లకు ఫోను చేసి వద్దని చెప్పేసింది. మా ఎదుటే చెప్పింది.

ఇంటికొస్తూ లారీలో నేనే తగులుకున్నాను. "దిగీ దిగగానే పాడైన వాటా మనకెందుకమ్మా? మారిపోదాం."

"పాడవని యంత్రాన్ని వెతుక్కుంటూ పోతే ఏటా ఇల్లు మారుతూనే ఉండాలి మామయ్యా. వీళ్లు ఆగకముందే చెప్పారు, చెప్పిన వేళకి తెచ్చారు. ఇంతకన్నా ఏం కావాలి? నేనిక్కడి నుంచి కదలను."

కదల్లేదు కూడా. ఇన్నేళ్లలో కింద యంత్రాలు మారాయి, వీడియోలు ఎన్నో రెట్లయ్యాయి, వేరే ఊళ్ల బడులు వచ్చి చేరాయి, వాటా మాత్రం అదే. మా చిన్నవాడు 'సర్వర్' అనే మాటకు ఒక సైగ కనిపెట్టాడు. అరచేతిలో పిడికిలి కుదురుగా కూర్చోబెట్టి, ఆ తర్వాత జేబులో తాళం ఉందో లేదో తట్టి చూసుకుంటాడు. అదీ వీడియోల్లో చేరింది. వానాకాలాలు చాలానే గడిచినా ఆ పాత ఇరుకు వాటా తాళం ఇంకా మా కోడలి దగ్గరే ఉంది.

ఇప్పుడు మా లారీలు కూడా ఖాళీ చేసిన ఇంటిని ఆ రోజే ఊడుస్తాయి. తాళం మాత్రం, కొత్తింట్లో అన్నీ దింపి సరిచూసుకున్నాక, యజమానితో ముందే మాట్లాడుకుని మర్నాడు ఇస్తాయి. పద్ధతి మార్చింది ఎవరని కొత్త కూలీలు అడిగితే రివర్సు బాబాయ్ నావైపు చూపిస్తాడు. నేను వంటగది వైపు చూపిస్తాను.